చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ప్రెసిడెంట్ పదవి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో వెయ్యి, రెండు వేల మంది విద్యార్థులతో నడిచే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ఏదో ఒక వృత్తికే కాకుండా సాహిత్యం, సైన్సు, సామాజిక శాస్త్రాలు కలిపి డిగ్రీ చదువు చెప్పేవి) చాలా ఉన్నాయి. విలియమ్స్ (1793), ఆమ్‌హర్స్ట్ (1821) లాంటివి బాగా సంపన్నమైనవి. మిగతా చాలావాటికి ఈ ఏడు ఎంతమంది చేరారన్న దానిమీదే బతుకు ఆధారపడి ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా ఆ రెండో రకం కాలేజీల గురించే చెబుతున్నాం. అక్కడ బోధిస్తూ పెద్ద బాధ్యతల వైపు చూస్తున్న తెలుగు అధ్యాపకులనూ, పిల్లల్ని అలాంటి కాలేజీకి పంపే ముందు దాని నాయకత్వం ఎలాంటిదో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం.

ప్రెసిడెంట్ అంటే మన ప్రిన్సిపాల్ లాంటి పదవేనా?

కాదు. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి సిలబస్ యూనివర్సిటీ నుంచి వస్తుంది, జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి, బదిలీలు కమిషనరేట్ చూసుకుంటుంది. అమెరికా చిన్న కాలేజీకి పైన ఏ యూనివర్సిటీ ఉండదు. డిగ్రీ అదే ఇస్తుంది, ఫీజు అదే పెట్టుకుంటుంది, జీతాల డబ్బూ అదే సంపాదించుకోవాలి. వీటన్నిటికీ ట్రస్టీల బోర్డు ముందు నిలబడి జవాబు చెప్పేది ప్రెసిడెంటే.

మన దగ్గర దీనికి కొంత దగ్గరగా వచ్చేది ప్రైవేటు యూనివర్సిటీ వీసీ పదవి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో నడుస్తున్న క్రియా యూనివర్సిటీకి తొలి వీసీ సుందర్ రామస్వామి. ఆయన అంతకుముందు అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేశారు, దాని కింద ఉన్న మాంటెరే ఇన్‌స్టిట్యూట్‌కు ప్రెసిడెంట్‌గానూ ఉన్నారు.

ప్రెసిడెంట్ చేతిలో నిజంగా ఉండే అధికారం ఎంత?

బయటివాళ్లు అనుకునేదానికంటే తక్కువ. బడ్జెట్ ఆమోదం, ఆస్తుల అమ్మకం, అప్పులు, ప్రెసిడెంట్ నియామకం, తొలగింపు బోర్డు చేతిలో ఉంటాయి. ఏం బోధించాలి, డిగ్రీకి ఏ కోర్సులు కావాలి, ఎవరికి టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) సిఫారసు చేయాలి అన్నవి ప్రధానంగా అధ్యాపకుల చేతిలో ఉంటాయి. ఈ పంపకానికి ఆధారంగా అందరూ చూపేది 1966లో అధ్యాపకుల సంఘం ఏఏయూపీ, కాలేజీల మండలి ఏసీఈ, ట్రస్టీల సంఘం ఏజీబీ కలిసి రూపొందించిన ప్రకటన.

ప్రెసిడెంట్ నేరుగా చేయగలిగినవి మూడున్నాయి: తన కింది వైస్ ప్రెసిడెంట్లను ఎంచుకోవడం, బోర్డు ముందుకూ అధ్యాపకుల ముందుకూ ఏ విషయం ఎప్పుడు రావాలో నిర్ణయించడం, ఖాళీ అయిన పోస్టును నింపాలా ఆపాలా అని తేల్చడం. ఈ మూడోది చూడటానికి చిన్నది. కానీ పదేళ్లలో కాలేజీ స్వరూపాన్ని మార్చేది ఎక్కువగా ఇదే.

ఈ పదవి దాకా ఎలా వస్తారు?

ఎక్కువమంది నడిచిన దారి: అసిస్టెంట్ ప్రొఫెసర్, టెన్యూర్, డిపార్ట్‌మెంట్ ఛైర్, అసోసియేట్ డీన్, డీన్ లేదా ప్రొవోస్ట్, తర్వాత ప్రెసిడెంట్. సాధారణంగా ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది. ప్రొవోస్ట్ అంటే విద్యా వ్యవహారాల అధిపతి. ఈ మధ్య విరాళాల విభాగం, అడ్మిషన్లు, న్యాయవాద వృత్తి నుంచి వచ్చినవాళ్లు కూడా ఎంపికవుతున్నారు.

ప్రొవోస్ట్‌గా పనిచేసినవాళ్లకు తరచూ ఉండే లోటు డబ్బు అడిగిన అనుభవం లేకపోవడం. అందుకే ఆ పదవిలో ఉండగానే విరాళాల వైస్ ప్రెసిడెంట్‌తో కలిసి కనీసం పది, పదిహేను మంది దాతల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. 1965 నుంచి నడుస్తున్న ఏసీఈ ఫెలోస్ కార్యక్రమం ఇంకో మార్గం. అందులో వేరే కాలేజీ ప్రెసిడెంట్ పక్కన ఉండి, బడ్జెట్ సమావేశాల నుంచి బోర్డు సమావేశాల దాకా దగ్గరగా చూడొచ్చు.

భారతదేశంలో చదివినవాళ్లకు అవకాశం ఉంటుందా?

ఉంటుంది. విశాఖపట్నంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన నీలి బెండపూడి కాన్సస్ యూనివర్సిటీలో బిజినెస్ డీన్‌గా, ప్రొవోస్ట్‌గా చేసి, 2018లో లూయిస్‌విల్, 2022లో పెన్ స్టేట్ యూనివర్సిటీలకు ప్రెసిడెంట్ అయ్యారు. అవి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలు. చిన్న కాలేజీల ఎంపిక సంఘాలు అదనంగా ఒకటి గట్టిగా పట్టి చూస్తాయి: పద్దెనిమిదేళ్ల పిల్లలుండే రెసిడెన్షియల్ క్యాంపస్ జీవితం మీకు తెలుసా? పరిశోధనా యూనివర్సిటీలో ల్యాబ్ నడిపిన గొప్ప రికార్డు ఈ ప్రశ్నకు జవాబు కాదు. మొదటి ఏడాది విద్యార్థులకు చెప్పిన సెమినార్లు, సలహాదారుగా చేసిన పని, హాస్టల్ సమస్యల కమిటీల్లో కూర్చున్న అనుభవం దరఖాస్తు లేఖలో స్పష్టంగా కనిపించాలి.

ఎంపిక ఎలా జరుగుతుంది?

మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. బోర్డు ఒక సెర్చ్ సంస్థను పెట్టుకుని, ట్రస్టీలు, అధ్యాపకులు, సిబ్బంది, పూర్వ విద్యార్థులు, ఒకరిద్దరు విద్యార్థులతో కమిటీ వేస్తుంది. కాలేజీకి ఎలాంటి నాయకుడు కావాలో చెప్పే పది, ఇరవై పేజీల ప్రొఫైల్ ప్రచురిస్తారు. అభ్యర్థి నాలుగైదు పేజీల లేఖ, సీవీ, ఐదారుగురు రిఫరెన్సుల పేర్లు పంపాలి. ఎనిమిది, పది మందిని గంటన్నర ఇంటర్వ్యూకు పిలిచి, ఇద్దరు ముగ్గురిని తుది దశకు తీసుకుంటారు. తుది అభ్యర్థుల పేర్లు క్యాంపస్ అంతటికీ చెబితే అది బహిరంగ ఎంపిక, కమిటీ దాటి బయటికి రాకపోతే రహస్య ఎంపిక. ఉన్న ఉద్యోగానికి ముప్పు రాకూడదని అభ్యర్థులు రహస్యం కోరతారు. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ అధ్యాపకులు ముఖం కూడా చూడకుండా వచ్చిన ప్రెసిడెంట్‌కు మొదటి ఏడాదంతా అపనమ్మకం తొలగించుకోవడానికే సరిపోతుంది. కనీసం పదిహేను, ఇరవై మంది అధ్యాపక ప్రతినిధులైనా గోప్యత హామీ ఇచ్చి అభ్యర్థిని కలవడం మేలు.

లేఖల్లో తరచూ జరిగే తప్పు, ప్రొఫైల్‌లో రాసిన సమస్యల్ని వదిలేసి తన విజయాల జాబితా ఇవ్వడం. ప్రొఫైల్‌లో "ఆర్థిక స్థిరత్వం" అని ఉంటే, మీరు ఎంత లోటును ఎన్నేళ్లలో ఎలా తగ్గించారో అంకెలతో రాయండి.

ఒప్పుకునే ముందు అభ్యర్థి ఏం అడగాలి?

ఇది అడగనివాళ్లే ఎక్కువ. పదవి వచ్చిందన్న సంతోషంలో అడగడానికి మొహమాటపడి, చేరిన మూడో నెలలో అసలు పరిస్థితి తెలుసుకుని కుంగిపోయే ప్రమాదం ఉంది. గోప్యత ఒప్పందం మీద సంతకం చేసి ఇవి తప్పక అడగాలి:

- గత ఐదేళ్ల ఆడిట్ నివేదికలు, బాండ్ (కాలేజీ మార్కెట్‌లో తెచ్చిన అప్పు) ఒప్పందాల్లోని షరతులు
- మూలనిధి (అసలు కదపకుండా రాబడి వాడుకునే పెట్టుబడి నిధి) ఎంత, అందులో దాతల షరతులు లేని భాగం ఎంత
- ఐదేళ్ల అడ్మిషన్ల అంకెలు: దరఖాస్తులు, సీట్లిచ్చినవి, చేరినవాళ్లు, రెండో ఏడాదికి నిలిచినవాళ్లు
- వాయిదా పడుతూ వచ్చిన మరమ్మతుల జాబితా, అంచనా ఖర్చు
- గుర్తింపు సంస్థ నుంచి వచ్చిన చివరి లేఖ, నడుస్తున్న కేసులు
- అమెరికా ఫెడరల్ విద్యాశాఖ వారి ఆర్థిక బాధ్యత స్కోరు (కాలేజీ ఆర్థిక ఆరోగ్యానికి వేసే మార్కు)

ఆఖరిది మైనస్ 1.0 నుంచి 3.0 దాకా ఉంటుంది. 1.5, ఆపైన ఉంటే సరే. 1.0 నుంచి 1.5 లోపు ఉంటే అదనపు నిఘాలో ఉన్నట్టు. 1.0 కంటే తగ్గితే ఫెడరల్ విద్యార్థి సహాయం కొనసాగడానికి సాధారణంగా బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (కాలేజీ కట్టలేకపోతే తాను కడతానని బ్యాంకు ఇచ్చే హామీపత్రం) చూపించాలి. నగదు కొరతలో ఉన్న కాలేజీకి అదే పెద్ద దెబ్బ. స్కోరు 1.6 ఉందని నిశ్చింతగా ఉండకండి. గత మూడేళ్లలో అది 2.4 నుంచి దిగిందా, 1.2 నుంచి ఎక్కిందా అని చూడండి.

ఫీజు యాభై వేల డాలర్లంటారు. అయినా కాలేజీకి డబ్బు ఎందుకు చాలదు?

ప్రెసిడెంట్ పనిని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ లెక్క తెలియాలి.

ప్రకటించిన ట్యూషన్‌ను దాదాపు ఎవరూ పూర్తిగా కట్టరు. కాలేజీ తన వైపు నుంచే స్కాలర్‌షిప్ పేరిట తగ్గిస్తుంది. దీన్నే డిస్కౌంట్ రేటు అంటారు. ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరే విద్యార్థులకు ఇది సగటున 56 శాతం దాటింది. అంటే 50,000 డాలర్ల ట్యూషన్‌లో కాలేజీకి అందేది 22,000.

ఉదాహరణకు 380 మంది చేరాలనుకున్న కాలేజీలో 340 మందే చేరారనుకుందాం. రావాల్సిన 83.6 లక్షల డాలర్ల బదులు 74.8 లక్షలే వస్తాయి. లోటు 8.8 లక్షలు. ఇది ఒక్క ఏడాదితో పోదు, ఆ చిన్న బ్యాచ్ నాలుగేళ్లు కాలేజీలోనే ఉంటుంది. మధ్యలో మానేసేవాళ్లను తీసేసి లెక్కేసినా నాలుగేళ్లలో ట్యూషన్ నష్టమే 29 లక్షల డాలర్ల దాకా పోతుంది. హాస్టల్, భోజనం ఆదాయం దీనికి అదనం.

అప్పుడు అడ్మిషన్ల విభాగం అడిగేది డిస్కౌంట్ పెంచమని. 60 శాతం చేస్తే తలకు 20,000 వస్తాయి. 380 మందీ చేరినా 76 లక్షలే. అంటే 340 మందితో పాత డిస్కౌంట్ దగ్గర ఆగిన దానికంటే 1.2 లక్షలు మాత్రమే ఎక్కువ. పైగా 40 మందికి అదనంగా పాఠం చెప్పాలి, సలహా ఇవ్వాలి. "సీట్లు నిండాయి" అని బోర్డు చప్పట్లు కొట్టిన ఏడాదే కాలేజీ ఆదాయపరంగా కదలకుండా నిలిచిపోవడం ఇలాగే జరుగుతుంది. బోర్డుకు ఇచ్చే మొదటి పేజీలో తలల సంఖ్య కంటే పైన నికర ట్యూషన్ ఆదాయం ఉండాలి.

మూలనిధి ఉందిగా, అందులోంచి తీసుకోవచ్చు కదా?

10 కోట్ల డాలర్ల మూలనిధి ఉందనుకోండి. ఏటా 4.5 శాతం తీస్తే 45 లక్షలు. దాంట్లో 70 శాతం దాతలు ఫలానా పనికే అని రాసిచ్చిన డబ్బయితే, జీతాలకు, కరెంటుకు వాడుకోగలిగింది 13.5 లక్షలే. సంగీత విభాగానికి ఇచ్చిన నిధితో పైకప్పు బాగుచేయడం చట్టవిరుద్ధం.

సాధారణంగా 4 నుంచి 5 శాతం, అదీ గత మూడేళ్ల సగటు విలువ మీద తీస్తారు. మార్కెట్ పడిన ఏడాది బడ్జెట్ ఒక్కసారిగా కుదేలు కాకూడదని ఆ సగటు. లోటు పూడ్చడానికి 8 శాతం తీయడం మొదలైతే, రాబడి 7 శాతం, ధరల పెరుగుదల 3 శాతం ఉన్నచోట మూలనిధి విలువే ఏటా కరిగిపోతుంది. అలాంటి "ప్రత్యేక ఉపసంహరణ" ఏదైనా సరే ఎన్నేళ్లు, ఎంత, ఎప్పుడు ఆగుతుంది అన్న మూడు అంకెలు తీర్మానంలోనే ఉండాలి.

పన్ను విషయం కూడా అడుగుతుంటారు. సంపన్న ప్రైవేటు కాలేజీల మూలనిధి రాబడి మీద 2017 చట్టం 1.4 శాతం పన్ను వేసింది. 2025 చట్టం రేట్లను 8 శాతం దాకా పెంచింది, అయితే ట్యూషన్ కట్టే విద్యార్థులు 3,000 లోపు ఉన్న కాలేజీలను పక్కన పెట్టింది. కాబట్టి చిన్న కాలేజీలు దీని నుంచి బయటపడ్డాయి.

విరాళాలు అడగడం అంటే పార్టీలకు వెళ్లడమేనా?

కాదు, అది ఓపికతో చేసే పని. పెద్ద విరాళం ఒకటి రావడానికి మొదటి పరిచయం నుంచి ఏడాది, రెండేళ్లు పడుతుంది. మొదటి భేటీలో డబ్బు మాట ఎత్తరు. ఆ మనిషికి కాలేజీలో ఏది గుర్తుంది, ఏ మాస్టారు, ఏ తరగతి అని వింటారు. రెండు మూడు సార్లు కలిశాక, ఫలానా పని కోసం ఫలానా మొత్తం అని ఒకే ఒక స్పష్టమైన కోరిక చెబుతారు. అడిగాక మౌనంగా ఉండాలి. ఆ మౌనాన్ని భరించలేక "పోనీ సగమైనా..." అని తామే తగ్గించేయడం కొత్త ప్రెసిడెంట్లు తరచూ చేసే తప్పు.

పెద్ద నిధుల సేకరణను లక్ష్యంలో సగానికి పైగా హామీలు వచ్చేదాకా బయటికి ప్రకటించరు. మొదటి పెద్ద విరాళం లక్ష్యంలో 10 నుంచి 20 శాతం ఉండాలని చూస్తారు. అది లేకుండా ప్రకటిస్తే రెండేళ్లకే ఆగిపోయి, పరువు పోతుంది.

ఒక డిపార్ట్‌మెంట్ మూసేస్తే ఎంత మిగులుతుంది?

అనుకున్నదాంట్లో సగమే అని లెక్క మొదలుపెట్టండి. ముగ్గురు టెన్యూర్ ప్రొఫెసర్లు, తలకు జీతం 90,000 డాలర్లు, దానిమీద 30 శాతం ప్రయోజనాలు: మొత్తం 3.51 లక్షలు. కానీ వాళ్లు అందరికీ తప్పనిసరైన కోర్సులూ చెబుతారు. అలాంటి 12 తరగతులకు తాత్కాలిక అధ్యాపకుల్ని తెస్తే, తరగతికి 6,000 చొప్పున 72,000. ఆ సబ్జెక్టు కోసమే వచ్చే ఐదుగురు రాకపోతే 1.1 లక్షలు. మిగిలేది 1.69 లక్షలు. అదీ వెంటనే కాదు: ఏఏయూపీ ప్రమాణం ప్రకారం టెన్యూర్ ఉన్నవారికి కనీసం ఏడాది నోటీసు లేదా ఏడాది జీతం ఇవ్వాలి, ఇప్పటికే చేరిన విద్యార్థుల డిగ్రీ పూర్తి చేయించాలి.

మూసివేత ఎప్పుడూ వద్దని కాదు. ఈ లెక్కను అధ్యాపకుల ముందు పెట్టి, తప్పుంటే చూపించమని అడిగిన తర్వాతే నిర్ణయం బోర్డుకు వెళ్లాలి. ఎండాకాలం సెలవుల్లో ఈమెయిల్‌తో ప్రకటిస్తే సెప్టెంబరులో అధ్యాపకుల అవిశ్వాస తీర్మానం ఎదురవుతుంది. దానికి చట్టపరమైన బలం లేదు, ప్రెసిడెంట్‌ను తొలగించగలిగేది బోర్డు మాత్రమే. అయినా దాతలు, గుర్తింపు సంస్థ, కొత్త విద్యార్థుల తల్లిదండ్రులు అందరూ ఆ వార్త చదువుతారు.

కష్టాల్లో ఉన్న కాలేజీల్లో ఏది బాగా నడిచింది, ఏది బెడిసికొట్టింది?

వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ అనే మహిళా కాలేజీని మూసేస్తున్నామని బోర్డు 2015 మార్చి 3న ప్రకటించింది. మూలనిధిలో అప్పటికి 8 కోట్ల డాలర్లకు పైనే ఉన్నా, చాలా భాగం షరతులతో కూడినది. పరిస్థితి అంత దూరం వెళ్లిందని పూర్వ విద్యార్థినులకు తెలియదు. వాళ్లు ఏకమై, కోర్టు దాకా వెళ్లి, జూన్‌లో జరిగిన ఒప్పందంలో 1.2 కోట్ల డాలర్లు తెస్తామని మాటిచ్చారు. నిధుల్లో 1.6 కోట్ల మేర షరతుల్ని సడలించడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. ఫిలిప్ స్టోన్ కొత్త ప్రెసిడెంట్‌గా వచ్చారు, కాలేజీ తెరుచుకుంది. మూడు నెలల్లో తేగలిగిన ఆ డబ్బును మూడేళ్ల ముందే ఎందుకు అడగలేదన్న ప్రశ్న మాత్రం మిగిలింది. చెడువార్తను ఆలస్యంగా చెప్పడమే అక్కడ జరిగిన అసలు నష్టమని మా అభిప్రాయం.

మసాచుసెట్స్‌లోని హ్యాంప్‌షైర్ కాలేజీ 2019 జనవరిలో భాగస్వామి కోసం వెతుకుతున్నామని, ఆ ఏడాది కొత్త బ్యాచ్‌ను చేర్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నామని చెప్పింది. వాళ్లు దాచలేదు, నిజమే చెప్పారు. కానీ ఒక బ్యాచ్ ఆగితే నాలుగేళ్ల ఆదాయం పోతుందని పైన చూశాం. ఏప్రిల్‌కల్లా ప్రెసిడెంట్ మిరియమ్ నెల్సన్ రాజీనామా చేశారు. నిజాన్ని ముందు సొంతవాళ్లకు చెప్పి, ఏం చేయాలో వాళ్లతో తేల్చుకుని, ఆ తర్వాతే బయటికి చెప్పాలి.

బాగా నడిచిన నిర్ణయాల్లో డాలస్‌లోని పాల్ క్విన్ కాలేజీది చెప్పుకోవాలి. 2007లో వచ్చిన మైఖేల్ సోరెల్ ఫుట్‌బాల్ జట్టును ఆపేసి, 2010లో ఆ మైదానాన్ని కూరగాయల పొలం చేశారు. తర్వాత విద్యార్థులంతా పనిచేస్తూ చదువుకునే కాలేజీగా మార్చారు. అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో బెవర్లీ టేటమ్ ఇంకో రకం లెక్క వేశారు: సుమారు 2,100 మంది విద్యార్థినుల్లో క్రీడాజట్లలో ఉన్నది 80 మందే, ఖర్చు మాత్రం ఏటా పది లక్షల డాలర్లకు దగ్గర. కాలేజీల మధ్య జరిగే ఆ పోటీల నుంచి తప్పుకుని, ఆ డబ్బును అందరి ఆరోగ్యం, వ్యాయామం మీద పెట్టారు. కోత కోసిన చోటే, కోసినదానికి బదులు ఏం వస్తుందో కూడా చెప్పడం వల్లే అది నిలిచింది.

ప్రతి మార్పూ కోతే కానక్కర్లేదు. రూత్ సిమన్స్ స్మిత్ కాలేజీ ప్రెసిడెంట్‌గా ఉన్న కాలంలో (1995–2001) అక్కడ ఇంజనీరింగ్ మొదలైంది. అమెరికా మహిళా కాలేజీల్లో అదే మొదటిది.

మొదటి మూడు నెలల్లో ఏం చేయాలి?

ప్రతి డిపార్ట్‌మెంట్‌కు వాళ్ల గదికే వెళ్లండి, మీ ఆఫీసుకు పిలవకండి. రాత్రి షిఫ్టు సెక్యూరిటీని, వంటశాలను, బాయిలర్ గదిని చూడండి. భవనాల అసలు స్థితి అక్కడ తెలుస్తుంది. ఫైనాన్స్, అడ్మిషన్ల అధిపతులు సరైనవాళ్లో కాదో మాత్రం త్వరగా తేల్చుకోండి, మిగతా పదవులు ఆరు నెలలు ఆగొచ్చు. తొంభయ్యో రోజుకల్లా ఇప్పుడున్న స్థితిని అంకెలతో బోర్డుకు రాతపూర్వకంగా ఇవ్వండి. అది లేకపోతే పాత లోటు మీ లోటుగా మారుతుంది.

జీతం ఎంత? ఎవరైనా చూడొచ్చా?

చూడొచ్చు. లాభాపేక్ష లేని కాలేజీలు ఏటా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే ఫారమ్ 990 బహిరంగ పత్రం. మతసంస్థల కింద ఉన్న కొన్నిటికి మినహాయింపు ఉంది. అంకెలు ఏడాది, రెండేళ్లు ఆలస్యంగా వస్తాయి. మామూలు చిన్న కాలేజీల్లో మూడు నుంచి ఐదు లక్షల డాలర్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది, సంపన్న కాలేజీల్లో బాగా ఎక్కువ. క్యాంపస్‌లోని ప్రెసిడెంట్ ఇల్లు ఉద్యోగ షరతుగా ఇస్తే సాధారణంగా దానికి పన్ను పడదు. అయితే అక్కడ విందుల మధ్య కుటుంబానికి ఏకాంతం ఉండదన్నది ఒప్పుకునే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఎన్నేళ్లుంటారు? ఎప్పుడు తప్పుకోవాలి?

ఏసీఈ సర్వేల ప్రకారం పదవిలో ఉన్నవారి సగటు కాలం 2006లో 8.5 ఏళ్లు, 2016లో 6.5, 2022లో 5.9. ఆ చివరి సర్వేలో మహిళలు దాదాపు మూడోవంతు. ఒక బ్యాచ్ చేరి బయటికి వెళ్లడానికే నాలుగేళ్లు పడుతుంది కాబట్టి, ఆరేళ్ల లోపు వెళ్లిపోతే మొదలుపెట్టిన మార్పు ఫలించిందో లేదో చూడటం కష్టం. అందుకే కొత్త బాండ్లో, పెద్ద నిధుల సేకరణో ప్రకటించిన మరుసటి ఏడాది వెళ్లకూడదు, గుర్తింపు బృందం వచ్చే ఏడాదీ వెళ్లకూడదు.

తప్పుకోవాలనుకుంటే ముందు బోర్డు ఛైర్‌కు, 12 నుంచి 15 నెలల ముందుగా చెప్పండి. ఎంపికకు తొమ్మిది నెలలు, అప్పగింతకు మూడు నెలలు కావాలి. టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్‌గా తరగతికి తిరిగి వెళ్లాలనుకుంటే ఆ హక్కు, ఏడాది సబ్బాటికల్ (జీతంతో కూడిన సెలవు) మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఆ ఏడాది క్యాంపస్ దరిదాపులకు వెళ్లకండి. పాత సహోద్యోగులు కొత్త ప్రెసిడెంట్ గురించి ఫిర్యాదులతో ఫోన్ చేస్తారు. అప్పుడు వాళ్లను ప్రొవోస్ట్ దగ్గరికి వెళ్లమని చెప్పి ఫోన్ పెట్టేయండి.